ఇంటిల్లిపాదీ పక్కపక్కనే కూర్చోవాలంటే: విమాన సీట్లకు డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

బోర్డింగ్ పాస్ మీద సీటు నంబరు ఉండదు. ముందెక్కినవాళ్లు నచ్చిన చోట కూర్చుంటారు. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ యాభై ఏళ్లకు పైగా నడిపిన ఈ పద్ధతి 2026 జనవరి 27 నుంచి లేదు. ఈజీజెట్ 2012 నవంబరులోనే, ర్యాన్‌ఎయిర్ 2014 ఫిబ్రవరిలోనే దీన్ని వదిలేశాయి. మన దగ్గర ఎయిర్ డెక్కన్ రోజుల్లో బస్సు దిగీ దిగగానే మెట్ల వైపు పరుగెత్తినవాళ్లకు ఆ సరదా ఏమిటో తెలుసు.

పద్ధతి పోయినా సలహాలు మాత్రం పోలేదు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు తెలుగువాళ్లలో "24 గంటల ముందు నిమిషం దాటకుండా చెకిన్ చెయ్యండి", "ఎర్లీబర్డ్ (డబ్బు కడితే ముందే చెకిన్ చేసిపెట్టే సౌకర్యం) కొనేస్తే గొడవుండదు", "ఆరేళ్లలోపు పిల్లాడున్నాడుగా, 'ఏ' గ్రూపు అయిపోగానే ఎక్కేయండి" అనే మాటలు ఇంకా తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఇవన్నీ సరైనవే. ఏ, బీ, సీ అని మూడు గ్రూపులు, ఒక్కో గ్రూపులో 60 దాకా స్థానాలు. 'ఏ' గ్రూపు ఎక్కాక, ఆరేళ్లు లేదా అంతకు తక్కువ వయసు పిల్లలున్న ఇద్దరు పెద్దల దాకా ఎక్కనిచ్చేవారు. 143 లేదా 175 సీట్ల విమానంలో ముందు 60 మంది ఎక్కినా వెనక సగంలో మూడు సీట్ల వరుసలు ఖాళీగానే ఉండేవి. పైసా పెట్టకుండా పని జరిగేది. ఇప్పుడు ఎర్లీబర్డ్ లేదు, ముందెక్కినందువల్ల దొరికేది పైన బ్యాగుకు చోటు, అంతే. క్యూలో జరిగే పోటీ టికెట్ కొనే పేజీకి వచ్చేసింది.

ఇక్కడ చాలా కుటుంబాలు డబ్బు తప్పుచోట పెడతాయి. పిల్లల సీట్లకు కట్టి, అమ్మానాన్నల సీట్లను సిస్టమ్‌కు వదిలేస్తాయి. నిబంధనల రక్షణ కొంతైనా ఉన్నది పిల్లలకే, పెద్దవాళ్లకు దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఖర్చు చేయాల్సిన వరుస తలకిందులు కావాలి: మొదట వయసు మళ్లినవాళ్లు, తర్వాత 13 దాటిన పిల్లలు, ఆ తర్వాతే చిన్నపిల్లలు.

రూలు ఎవరిని కాపాడుతుంది

భారత్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ఇది: 12 ఏళ్ల దాకా పిల్లలకు, అదే పీఎన్ఆర్‌లో ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరితో పాటు సీటు కేటాయించాలి, దాని రికార్డు ఉంచాలి. ఇందులో రెండు మాటలు జాగ్రత్తగా చదవాలి. ఒకటి "కనీసం ఒకరు". అమ్మా పాపా 24వ వరుసలో, నాన్న 6వ వరుసలో ఉంటే రూలు ప్రకారం తప్పేమీ లేదు. రెండోది "అదే పీఎన్ఆర్". తల్లి టికెట్ ఒక బుకింగ్‌లో, పిల్లాడి టికెట్ ఇంకో బుకింగ్‌లో ఉంటే ఈ ఆదేశం చేతిలో పట్టుకుని వాదించడానికి లేదు. పైగా నచ్చిన సీటు ఉచితంగా ఇవ్వాలని ఇది చెప్పడం లేదు. ఎక్కడో ఒకచోట పక్కపక్కన ఇస్తే చాలు.

అమెరికాలో రవాణా శాఖ 2023లో తన వెబ్‌సైట్‌లో ఒక డాష్‌బోర్డు పెట్టింది. 13 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల పక్కన ఒక పెద్దకు అదనపు రుసుము లేకుండా సీటిస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చిన ఎయిర్‌లైన్స్ పేర్లు అందులో ఉంటాయి. అలాస్కా, అమెరికన్, ఫ్రాంటియర్, జెట్‌బ్లూ, హవాయియన్ అలా హామీ ఇచ్చినవి. యునైటెడ్ అదే ఏడాది ఫిబ్రవరిలో, 12 ఏళ్లలోపు పిల్లలున్న బుకింగ్‌కు బేసిక్ ఎకానమీ అనే చవక టికెట్‌లో సైతం పక్క సీట్లు ఉచితంగా చూపించే ఏర్పాటు ప్రకటించింది. అన్ని కంపెనీలకూ వర్తించే నిబంధనను 2024 ఆగస్టులో ప్రతిపాదించారు గానీ, టికెట్ కొనేటప్పుడు దాన్ని నమ్ముకోవద్దు. ఆ కంపెనీ సొంత హామీ ఏమిటో అదే చూడాలి. హామీలకూ షరతులుంటాయి. అందరూ ఒకే రిజర్వేషన్‌లో, ఒకే క్యాబిన్‌లో ఉండాలి. కొనే సమయానికి పక్కపక్క సీట్లు మిగిలి ఉండాలి. మనమే సీట్లు ఎంచుకుని విడిపోతే ఆ బాధ్యత వాళ్లది కాదు.

లండన్, డబ్లిన్ వైపు ఉండేవాళ్లకు ర్యాన్‌ఎయిర్ లెక్క వేరు. 12 ఏళ్లలోపు పిల్లలతో వెళ్తుంటే ఒక పెద్ద సీటు కొనడం తప్పనిసరి. ఆ పెద్దతో పాటు నలుగురు పిల్లల దాకా సీట్లు ఉచితం. ఎంతవుతుందో ముందే తెలుస్తుంది, అదొక సుఖం. రెండో పెద్ద సీటు కొనకపోతే మాత్రం ఆయన ఎక్కడ తేలతాడో చెప్పలేం.

అత్తగారు, మామగారు, అమ్మమ్మ, తాతయ్యల కోసం ఇలాంటి రూలును నమ్ముకోవడానికి లేదు. ఒక మినహాయింపు ఉంది. వైకల్యం ఉన్న ప్రయాణికుడికి విమానంలో సాయం చేయాల్సిన మనిషి వెంట ఉంటే, ఆ సహాయకుడికి పక్క సీటు ఇవ్వాలని అమెరికా నిబంధన చెబుతోంది. చూపు లేనివారికి చదివి చెప్పేవారు, వినపడనివారికి సంజ్ఞల్లో చెప్పేవారు, వ్యక్తిగతంగా చూసుకునేవారు దీని కిందికి వస్తారు. దీన్ని వీల్‌చైర్‌తో కలగాపులగం చేయొద్దు. మనవాళ్లు పెద్దవాళ్లకు వీల్‌చైర్ పెట్టేసి, ఇక సీటు కూడా వాళ్లే చూసుకుంటారనుకుంటారు. వీల్‌చైర్ అభ్యర్థన విమానం తలుపు దాకా తీసుకెళ్లే ఏర్పాటు. సీటు దానంతట అది మారదు.

సౌత్‌వెస్ట్‌లో ఏ ఫేర్

నాలుగు ఫేర్లున్నాయి: బేసిక్, చాయిస్, చాయిస్ ప్రిఫర్డ్, చాయిస్ ఎక్స్‌ట్రా. కుటుంబం దృష్టిలో అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

బేసిక్‌లో సీటు చెకిన్ సమయంలో సిస్టమే కేటాయిస్తుంది. చాయిస్‌లో టికెట్ కొనేటప్పుడే స్టాండర్డ్ సీటు ఎంచుకోవచ్చు. చాయిస్ ప్రిఫర్డ్ ఇచ్చేది విమానం ముందు భాగంలో సీటు. కూర్చునే స్థలం స్టాండర్డ్ లాంటిదే, దిగేటప్పుడు కొన్ని నిమిషాలు కలిసొస్తాయి. పక్కపక్కన కూర్చోవడం ఒక్కటే కావాలనుకుంటే దానికి డబ్బు పెట్టాల్సిన పని లేదు. చాయిస్ ఎక్స్‌ట్రాలో కాళ్లకు అదనంగా 5 అంగుళాల దాకా చోటు, దానితో పాటు చెకిన్ బ్యాగులు రెండు ఉచితం. ఈ బ్యాగుల సంగతి తేలిగ్గా తీసేయొద్దు. 2025 మే 28 నుంచి సౌత్‌వెస్ట్‌లో "బ్యాగులు ఫ్రీ" అన్నది పాతమాట అయిపోయింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రెండేసి పెద్ద సూట్‌కేసులతో ఇంకో ఊళ్లో ఉన్న కూతురింటికి వెళ్తుంటే, చాయిస్ టికెట్‌కు రెండు బ్యాగుల రుసుము కలిపి, ఆ మొత్తాన్ని చాయిస్ ఎక్స్‌ట్రా ధరతో పోల్చి చూడండి. తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు.

బేసిక్‌కూ చాయిస్‌కూ మధ్య లెక్క ఇలా వేసుకోవాలి. తేడా మనిషికి ఒకవైపు 35 డాలర్లనుకుంటే, నలుగురికి రానూపోనూ 280 డాలర్లు. ఆ 280తో కొంటున్నది పక్క సీట్లు ఒక్కటే కాదు. బేసిక్ టికెట్ మార్చుకోవడానికి వీలుండదు. రద్దు చేసుకుంటే వచ్చే క్రెడిట్‌ను ఆరు నెలల్లో వాడేయాలి, చాయిస్‌లో పన్నెండు నెలలు. పిల్లలకు జ్వరాలొచ్చే ఇంట్లో ఈ తేడాకు విలువ ఉంది.

డాలస్ లవ్ ఫీల్డ్ నుంచి హ్యూస్టన్ హాబీ లాంటి గంట ప్రయాణానికి, మామూలు వారం మధ్య రోజున, భార్యాభర్తలు ఒక చిన్నపిల్లతో వెళ్తుంటే బేసిక్ చాలు. చిన్నపిల్ల ఉన్న బుకింగ్‌ను విడదీయకుండా చూసే ప్రయత్నం జరుగుతుంది. పెద్దల్లో ఒకరు ఎక్కడో కూర్చున్నా గంటే కదా. థాంక్స్‌గివింగ్ వారమో, స్ప్రింగ్ బ్రేకో, మూడు గంటలు దాటే ప్రయాణమో అయితే చాయిస్ తీసుకోండి. నిండిపోయిన విమానంలో బేసిక్‌కు మిగిలేవి చెదురుమదురు మధ్య సీట్లు, ఏ సిస్టమైనా వాటిలోంచే కదా ఇవ్వాలి. వెళ్లేటప్పుడు ఒక ఫేర్, వచ్చేటప్పుడు ఇంకో ఫేర్ తీసుకోవచ్చని చాలామంది గమనించరు. శుక్రవారం సాయంత్రం రద్దీ విమానానికి చాయిస్, మంగళవారం తిరుగు ప్రయాణానికి బేసిక్ తీసుకుంటే ఆ అదనపు ఖర్చు సగానికి వస్తుంది.

బేసిక్ తీసుకున్నాక 24 గంటల ముందు చెకిన్ తెరవగానే చేసేయడం మంచిదే. అది పాత రోజుల్లోలా ముందు సీటు గెలవడానికి కాదు. విడివిడిగా వచ్చిందని ముందే తెలిస్తే, కస్టమర్ సర్వీస్‌తో మాట్లాడటానికి ఒక రోజు చేతిలో ఉంటుంది.

ఇంట్లో ఎవరికైనా ఏ-లిస్ట్ హోదా (సౌత్‌వెస్ట్‌లో తరచూ ప్రయాణించేవారికి ఇచ్చేది) ఉంటే ఫేర్ ఎంచుకునే ముందు ఆ ప్రయోజనాలు చూడండి. సభ్యుడికి దొరికే సీటు ఎంపిక అదే రిజర్వేషన్‌లో ఉన్న మిగతావారికీ వస్తుంది. ఇక్కడా మెలిక "అదే రిజర్వేషన్" దగ్గరే. వెంట ఒకరిని దాదాపు ఉచితంగా తీసుకెళ్లనిచ్చే కంపానియన్ పాస్ మీద తీసుకున్న టికెట్‌కు వేరే కన్ఫర్మేషన్ నంబరు వస్తుంది. పాయింట్లతో ఇద్దరికి, కార్డుతో ఇద్దరికి కొంటే అవీ రెండు రిజర్వేషన్లే. ఫోన్ చేసి "రెండూ లింక్ చేయండి" అంటే ఒకదానిలో ఇంకోదాని గురించి నోట్ రాస్తారు. ఆ నోటు చూసి సీట్లు పక్కపక్కన వేసే యంత్రం ఏదీ లేదు. ఇలాంటి సందర్భంలో రెండిటికీ చాయిస్ తీసుకుని, రెండు ఫోన్లలో సీట్ మ్యాప్ తెరిచి, వెంటవెంటనే ఎంచుకోవడమే దారి.

అమెరికాలో టికెట్ కొన్న 24 గంటల్లో రద్దు చేసుకుంటే డబ్బు మొత్తం వెనక్కివ్వాలన్న నిబంధన ఉంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు, ఎయిర్‌లైన్ దగ్గరే కొని ఉండాలి. సీట్ల విషయంలో మనసు కుదరకపోతే ఈ గడువు వాడుకోండి.

మన దేశీ విమానాల్లో

హైదరాబాద్ నుంచి విశాఖకో తిరుపతికో వెళ్లే ఇండిగో విమానానికి వెబ్ చెకిన్ 48 గంటల ముందు తెరుచుకుంటుంది, బయల్దేరడానికి 60 నిమిషాల ముందు మూసేస్తారు. చెకిన్ పేజీ తెరవగానే సీట్ మ్యాప్‌లో డబ్బు సీట్లే కళ్లకు కడతాయి. సీటు ఎంచుకోకుండా ముందుకు వెళ్లే దారి కిందో మూలో ఉంటుంది, దాన్ని వెతుక్కోవాలి. సీటు ఎంచుకోనివారికి సిస్టమే కేటాయించాలని డీజీసీఏ ఆదేశంలోనూ ఉంది. డబ్బు కట్టకపోతే చెకిన్ అవదేమో అని భయపడి కట్టేవాళ్లు తక్కువేం కాదు.

మన ముందు మూడు దారులున్నాయి. అందరికీ కొనడం, ఎవరికీ కొనకపోవడం, కొందరికి కొనడం. మొదటిదాన్ని ఎంచుకునే ముందు సీట్లు చేర్చి అమ్మే ఫ్లెక్సీ తరహా ఫేర్ ఎంతుందో చూడండి. నలుగురికి విడిగా సీటూ భోజనమూ కొన్నదానికంటే అదే చవకగా తేలే రోజులున్నాయి. రెండోది, దంపతులూ పన్నెండేళ్లలోపు పిల్లలూ మాత్రమే ఉన్న ఇంటికి సరిపోతుంది. గంటన్నర ప్రయాణంలో నాన్న నాలుగు వరుసల అవతల కూర్చుంటే ముంచుకుపోయేదేమీ లేదు.

కుటుంబంలో పెద్దవాళ్లుంటే మూడోదే సరైనది, కానీ చేసే పద్ధతి ముఖ్యం. మొదట పెద్దవాళ్లిద్దరికీ పక్కపక్క సీట్లు డబ్బిచ్చి తీసుకోండి. పిల్లకూ తల్లికీ ఏమీ కొనకుండా సిస్టమ్‌కు వదలండి. వాళ్లను కలిపి ఉంచాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే. ఎక్కువగా జరిగే పొరపాటు, తల్లికి కిటికీ సీటు కొని, పక్కది ఖాళీగానే ఉందిగా అని పిల్లకు కొనకుండా వదిలేయడం. పక్క సీటు ఇంకొకరు కొనుక్కుంటే పిల్లకు కలిపివ్వడానికి అక్కడ చోటుండదు. చివరికి డబ్బిచ్చి కొన్న కిటికీ సీటు వదిలి తల్లే వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. తల్లీపిల్లల్లో కొంటే ఇద్దరికీ కొనాలి, లేకపోతే ఇద్దరికీ మానాలి.

12 ఏళ్లలోపు పిల్లను తల్లిదండ్రులిద్దరికీ దూరంగా వేసినట్టు బోర్డింగ్ పాస్ వస్తే, యాప్‌లో డబ్బు కట్టి సరిచేసుకోకండి. విమానాశ్రయానికి రెండు గంటల ముందే చేరి, చెకిన్ కౌంటర్‌లో పిల్ల వయసు రుజువు చూపించి, డీజీసీఏ ఆదేశం ప్రకారం మార్చమని అడగండి. పుట్టినతేదీ ఉన్న ఆధార్ చాలు. కౌంటర్‌లో అయ్యే పని గేటు దగ్గర సగం అవుతుంది, విమానంలో అసలు అవకపోవచ్చు. అయినా మార్చకపోతే ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అప్పుడు ఆ బోర్డింగ్ పాస్ ఫొటోలే ఆధారం.

కడప లాంటి చోట్లకు నడిచే ఏటీఆర్ విమానం సంగతి వేరు. 78 సీట్లు, అటు రెండు ఇటు రెండు. మధ్య సీటన్నదే లేదు కాబట్టి ఇద్దరు కలిసి కూర్చోవడం తేలిక. ముగ్గురైతే ఒకరు నడవకు అవతల కూర్చోవాలి. ఇంకో ముచ్చట: ప్రయాణికులు ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి. త్వరగా దిగిపోవచ్చని ముందు వరుసకు డబ్బు కట్టినవాళ్లు అందరికంటే చివర దిగుతారు.

ఏ సీట్లు కలిపితే బాగుంటుంది

సౌత్‌వెస్ట్ 737 అయినా, ఇండిగో ఏ320 అయినా వరుసకు ఆరు సీట్లు, అటు మూడు ఇటు మూడు. ఏ, ఎఫ్ కిటికీ వైపు, సీ, డీ నడవ వైపు. ముగ్గురున్న ఇంటికి ఆలోచించేదేమీ లేదు, ఒకవైపు మూడూ తీసుకోవడమే. ఐదుగురికి ఒకే వరుసలో అటు మూడు, ఇటు రెండు.

చిక్కంతా నలుగురికి. మామూలుగా అందరూ ఒక వరుసలో మూడు, నడవకు అవతల ఒకటి తీసుకుంటారు. తల్లీ ఇద్దరు పిల్లలూ ఒకవైపు, తండ్రి అవతల. పిల్లలు బాగా చిన్నవాళ్లైతే తల్లికి చేతులు చాలవు, తండ్రికి మాత్రం ప్రయాణం హాయిగా సాగిపోతుంది. దీనికంటే మెరుగైనది ఒకదాని వెనక ఒకటిగా రెండు వరుసల్లో కిటికీ, మధ్య సీట్లు తీసుకోవడం: 22ఏ, 22బీ, 23ఏ, 23బీ. ఒక్కో పెద్దకు ఒక్కో పిల్ల. వెనక కూర్చున్న పిల్లాడు సీటును తన్నితే తగిలేది మన ఇంటివాళ్లకే, ముందున్న పరాయి మనిషికి కాదు. లోపం ఒకటే. బాత్రూమ్‌కు లేవాలంటే ప్రతిసారీ సీ సీటులో ఉన్నవారిని లేపాలి. పిల్లలకు మూడు నాలుగేళ్లుండి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తే కిటికీ వదులుకుని బీ, సీ తీసుకోండి.

పెద్దవాళ్ల జంటకు సీ, డీ మంచి జోడీ. ఇద్దరికీ నడవ సీటే. మధ్యలో అడుగున్నర దారి ఉన్నా చెయ్యి చాపితే అందుతుంది, ఎవరు ఎప్పుడు లేచినా ఎవరినీ అడగక్కర్లేదు. మోకాళ్ల నొప్పులు, షుగర్ ఉన్నవాళ్లకు ఇది కిటికీ సీటు కంటే మేలు.

కిటికీ, నడవ సీట్లు తీసుకుని మధ్యది ఖాళీగా ఉంటుందని ఆశపడే ఉపాయం దంపతులకైతే నడుస్తుంది. మధ్యలో ఎవరైనా వచ్చినా ఓ సీటు ఇస్తామంటే సంతోషంగా జరుగుతారు. పిల్ల ఉన్నప్పుడు మాత్రం ఆ జూదం వద్దు.

ఒళ్లో కూర్చునే పసివాళ్ల విషయంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, మూడు సీట్ల వరుసకు పైన సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులే ఉంటాయి. అందుకే ఇద్దరు పసివాళ్లను ఒకే వైపు మూడు సీట్లలో కూర్చోనివ్వరు. కవలలున్న దంపతులు నడవకు అటూ ఇటూ ముందే తీసుకోవాలి, లేదంటే ఎక్కాక లేపుతారు. రెండోది, రెండో పుట్టినరోజు నుంచి పిల్లకు సొంత సీటు కావాలి. వెళ్లేటప్పుడు 23 నెలలు, వచ్చేటప్పుడు రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి టికెట్ కొనాలి. ఆ టికెట్ ఆలస్యంగా విడిగా కొంటే అది వేరే పీఎన్ఆర్, సీటేమో మన వరుసకు పది వరుసల అవతల. మొదటి బుకింగ్‌లోనే కలిపి కొనండి. కారు సీటు బిగించాలంటే కిటికీ వైపే తీసుకోవాలి, ఎందుకంటే మిగతావాళ్ల దారికి అడ్డం రాకూడదు. అత్యవసర ద్వారం వరుసల్లో 15 ఏళ్లు నిండనివాళ్లను ఎలాగూ కూర్చోనివ్వరు.

హైదరాబాద్ నుంచి అమెరికా దాకా

దూర ప్రయాణానికి విమానం మోడల్ చూసి నిర్ణయించాలి. ఎమిరేట్స్ 777లో వరుసకు 3-4-3. నలుగురికి మధ్య నాలుగూ సరిగ్గా సరిపోతాయి, రెండువైపులా నడవే. ఖతార్ ఏ350, ఎయిర్ ఇండియా 787లలో 3-3-3, అక్కడ నలుగురు ఒకే వరుసలో ఉంటే ఒకరు నడవకు అవతలే. లుఫ్తాన్సా ఏ330లో 2-4-2. ఇద్దరే వెళ్తున్న అమ్మానాన్నలకు ఆ పక్కనుండే రెండు సీట్లలాంటివి ఇంకెక్కడా దొరకవు. ధర దగ్గరదగ్గరగా ఉంటే ఈ ఒక్క కారణంతోనే ఎయిర్‌లైన్ ఎంచుకోవచ్చు.

ఇంగ్లిష్ అంతగా రాని తల్లిదండ్రులు మొదటిసారి వస్తుంటే సీటు డబ్బు దగ్గర లెక్క చూడకండి. ఇద్దరూ విడిపోతే ఫారం నింపడం, భోజనం అడగడం, మందుల వేళ గుర్తు చేయడం, ట్రాన్సిట్‌లో కలిసి దిగడం అన్నీ కష్టమే. కొడుకులు కొనిచ్చే టికెట్లలో కనిపించే లోపం, ప్రయాణంలో పెద్ద విమానానికి సీట్లు తీసుకుని, మారి ఎక్కే చివరి చిన్న విమానాన్ని వదిలేయడం. ఖతార్ టికెట్ మీద డాలస్ నుంచి ముందుకు అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం ఉంటే, ఆ సీటు ఖతార్ పేజీలో ఎంచుకోవడం కుదరకపోవచ్చు. నడిపే కంపెనీకి దాని సొంత రికార్డ్ నంబరు ఉంటుంది. ఖతార్‌ను అడిగి అది తెలుసుకుని, అమెరికన్ సైట్‌లో విడిగా చూడాలి.

బాసినెట్ (పసివాళ్లను పడుకోబెట్టే చిన్న తొట్టి) కావాలంటే విమానంలో గోడ ఎదురుగా ఉండే మొదటి వరుస తీసుకోవాలి. అవి కొన్నే ఉంటాయి కాబట్టి టికెట్ కొన్న రోజే ఫోన్ చేసి అడగండి. అక్కడ ట్రే సీటు ఆర్మ్‌రెస్ట్‌లో దాగి ఉంటుంది, అందుకే ఆ ఆర్మ్‌రెస్టులు పైకి లేవవు. రెండు సీట్లు కలిపి పెద్ద పిల్లను పడుకోబెట్టడం కుదరదు. టేకాఫ్ అప్పుడు డైపర్ బ్యాగు కూడా పైనే పెట్టాలి. పసివాడితో పాటు నాలుగేళ్ల పిల్ల కూడా ఉంటే ఆ వరుస వద్దనే చెప్పాలి.

కొన్నాక జారిపోయే సీట్లు

సీట్లు ఎంచుకున్నాం, అయిపోయింది అనుకోవద్దు. విమానం మోడల్ మారినా, టైము మారినా సీట్ మ్యాప్ మొత్తం కొత్తగా పడుతుంది, పాత సీట్లు చెదిరిపోతాయి. టైము మారితే మెయిల్ వస్తుంది, సీటు మారితే రాకపోవచ్చు. టికెట్ కొన్న మర్నాడు, వారం ముందు, చెకిన్ తెరిచినప్పుడు, ఇలా మూడుసార్లు ఎయిర్‌లైన్ యాప్‌లో చూడండి. కొన్న సైట్‌లో కాదు. ట్రావెల్ సైట్‌లో ఎంచుకున్న సీటు చాలాసార్లు ఒక అభ్యర్థన మాత్రమే, ఎయిర్‌లైన్ దగ్గర నమోదు కాకపోవచ్చు. డబ్బు కట్టిన సీటు వాళ్ల వైపు నుంచి మారితే ఆ రుసుము వెనక్కి అడగాలి. అందుకే రసీదు స్క్రీన్‌షాట్ దాచుకోండి.

విమానం రద్దయి వేరేదాంట్లో వేసినప్పుడు కుటుంబాలు ఎక్కువగా చెదిరిపోతాయి. అప్పుడు యాప్ చూపించిన మొదటి ప్రత్యామ్నాయాన్ని కంగారుగా ఒప్పుకోకండి. అందరినీ ఒకే విమానంలో వేసిందో లేదో ముందు చూడండి, తర్వాతే సీట్ల సంగతి. కౌంటర్‌లో ఇద్దర్ని ముందు పంపి ఇద్దర్ని తర్వాత పంపుతామంటే, పీఎన్ఆర్ విడగొట్టాల్సి వస్తుంది. అది ఒకసారి విడిపోతే మళ్లీ కలపరు.

ఇక చివరి మార్గం సీటు మార్చుకోమని అడగడం. దానికో పద్ధతి ఉంది. గేటు దగ్గరి సిబ్బందితో ముందు మాట్లాడండి. వాళ్ల దగ్గర ఖాళీ సీట్ల లెక్క ఉంటుంది, విమానంలో సిబ్బందికి అంత వెసులుబాటు ఉండదు. లోపలికి వెళ్లాక అడగాల్సి వస్తే, ఎదుటివారు బ్యాగు పైన పెట్టి బెల్టు పెట్టుకునేలోపే అడగండి. ఇచ్చే సీటు వాళ్లదానికంటే తక్కువది కాకూడదు. నడవకు నడవ, కిటికీకి కిటికీ, వీలైతే ముందు వరుస. "అండీ, మా పాపది మీ పక్క సీటండి. నాది 11సీ, అదీ నడవ వైపే, ముందరే. మీకు ఇబ్బంది లేకపోతే అక్కడ కూర్చుంటారా?" అని సీటు నంబరుతో సహా చెబితే చాలామంది లేస్తారు. 29వ వరుస మధ్య సీటు చేతిలో పెట్టుకుని, డబ్బిచ్చి 4సీ కొనుక్కున్న మనిషిని "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటే ఆయన కాదనడంలో తప్పేమీ లేదు. మీ చేతిలో నడవ సీటుండి, పాప పక్కన మధ్య సీటులో ఎవరైనా ఉంటే ముందు వాళ్లనే అడగండి. మధ్య సీటులో ఇరుక్కున్న మనిషికి నడవ సీటు ఇస్తామంటే ఆలోచించరు. ఏటీఆర్ లాంటి చిన్న విమానంలో మాత్రం ఎవరికి వారు సీట్లు మార్చుకోకండి. బరువు అటూ ఇటూ సరిచూసి కూర్చోబెడతారు, సిబ్బందికి చెప్పే లేవాలి.